రెండు చుక్కల మధ్య బండి

మా పనిలో సున్నా కనిపిస్తే నాకు భయం. బయటివాళ్ళు దాన్ని శుభవార్త అనుకుంటారు. ఎక్కడా తప్పు లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక్క ఫిర్యాదూ రాలేదంటే సంబరపడిపోతారు. నేను ఇరవై రెండేళ్ళుగా వీడియో గేములు రాస్తున్నదాన్ని. నలభై మంది చేతికి ఒక ఆట ఇస్తే ముగ్గురైనా గోడకి గుద్దుకుంటారు, ఇద్దరైనా గోతిలో పడతారు, ఒకడు కంట్రోలర్ తిరగేసి పట్టుకుని పనిచెయ్యడంలేదని తిడతాడు. మనుషులంటే అంతే. ఎవరికీ ఏమీ కాలేదని ఆట చెబుతోందంటే, ఆట అబద్ధం చెబుతోందని నా అనుమానం.

ఆ సోమవారం పొద్దున తొమ్మిదింటికి మా స్టూడియో యజమాని డెస్మండ్ నా బల్ల మీద గులాబీ రంగు పూత పూసిన పర్షియన్ బన్ను ఒకటి పెట్టాడు. అతను తన చేత్తో ఎవరికైనా తిండి పెట్టడం నేను అప్పటికి రెండుసార్లే చూశాను.

"మిల్లువాళ్ళ మెయిల్ చూశావా హెల్వీ?" అన్నాడు. "చదువు. పైకి చదువు. నేను ఇంకోసారి వినాలి."

కలప మిల్లులో సూపర్‌వైజర్ ఫెర్నాండ్ రాసిన మెయిల్ అది. ముప్ఫై ఎనిమిది మంది కొత్తవాళ్ళు మా ఆటలో శిక్షణ పూర్తిచేశారట. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలసార్లు పట్టాలు దాటారట. ఒక్కసారి కూడా, ఒక్కరికి కూడా, బండి తగల్లేదట. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. 'ఈ ఫలితం చూసి పైవాళ్ళు ఒప్పుకున్నారు. సోమవారం మొదటి షిఫ్టు నుంచి పసుపు దారి దగ్గర బండి కన్ను మూయించేస్తున్నాం. మీ అర్వో అందరికంటే ముందున్నాడు, మాకు మంచి మనిషిని ఇచ్చారు.'

డెస్మండ్ చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం బన్ను పక్కకి జరిపాను.

మా పని బయటికి ఎంత గొప్పగా కనిపించినా అందులో సగం ఒక్కటే. ఒక వస్తువుని ఇక్కడి చుక్క నుంచి అక్కడి చుక్కకి నడిపించడం. లిఫ్టయినా, పడవయినా, కాపలావాడయినా, కొండ మీంచి దొర్లే బండరాయయినా అంతే. ఈ చుక్క చెబుతాం, ఆ చుక్క చెబుతాం, మధ్యలో ఎంతసేపు పట్టాలో చెబుతాం. కంప్యూటర్ సెకనుకి అరవైసార్లు దాన్ని కొంచెం కొంచెం జరుపుతుంది. చేరాక మూడు సెకన్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. ఈ నడకని ఎవరూ ప్రతి ఆటకీ కొత్తగా రాయరు. పాత పెరుగులోంచి తోడు తీసి కొత్త పాలల్లో వేసినట్టు, పాత ఆటలోంచి తీసి కొత్త ఆటలో వేస్తారు. మిల్లు ఆటకి నేనూ అదే చేశాను. బద్ధకమనండి, అలవాటనండి, మావాళ్ళందరూ చేసేదే.

ఆ మిల్లులో ఆరబెట్టిన పలకలని మోసుకుంటూ ఒక బండి పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతుంది. నడిపే మనిషి ఉండడు. ఆరబెట్టే గదుల దగ్గర ఒక చుక్క, చిత్రిక పట్టే యంత్రం దగ్గర ఇంకో చుక్క. మధ్యలో పట్టాలకి అడ్డంగా పసుపు రంగు పూసిన దారి ఉంటుంది. పనివాళ్ళు రోజంతా ఆ దారిలో దాటుతూనే ఉండాలి. బండికి ముందొక కన్నుంది. మనిషి అడ్డం వస్తే అది చూసి బండిని ఆపేస్తుంది. రోజుకి వందసార్లు ఆగుతోంది, పని సాగట్లేదు, కొత్తవాళ్ళు బెదిరి పట్టాల మధ్య నిలబడిపోతున్నారు అని మిల్లువాళ్ళు మా దగ్గరికి వచ్చారు. మా ఆటలు అమ్ముడుపోక ఇరవై మందిమి ఏడుగురమైన ఏడాది అది. వీఆర్ కళ్ళజోడు పెట్టుకుంటే మిల్లంతా చుట్టూ ఉన్నట్టుంటుంది, బండి రాకని చూసుకుని దాటాలి, దాటగా దాటగా ఒంటికి అలవాటవుతుంది. అదీ మేం చేసిచ్చిన ఆట. కన్ను తీసేస్తామని మాత్రం వాళ్ళు మాతో ఎప్పుడూ అనలేదు.

అర్వో గురించి చెప్పాలి. పదకొండేళ్ళు మా స్టూడియోలో ఆటలు పరీక్షించిన మనిషి. యాభై దాటాయి, ఆరడుగుల పైన ఎత్తు, కంట్రోలర్‌ని బొజ్జ మీద ఆనించుకుని ఆడేవాడు. శనివారం సౌనాలో ఆవిరిస్నానం తప్పేవాడు కాదు, ఆదివారం తల నొప్పనేవాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, నన్ను తల్లీ అని పిలిచేవాడు, రోజుకి పదిసార్లు నా పనిలో వంకలు పెట్టేవాడు. స్టూడియోలో మనుషుల్ని తగ్గించినప్పుడు మొదట పోయినవాడు అతనే. మిల్లులో ఆ ఉద్యోగానికి ఫెర్నాండ్‌తో మాట చెప్పింది నేను.

మెయిల్ మళ్ళీ చదివాను. మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి మొదలవుతుంది. కన్ను మూసి అప్పటికి రెండు గంటలు. అర్వోది మొదటి షిఫ్టు.

అప్పుడే ఫోన్ తీసి ఉండాల్సింది. తియ్యలేదు. ఒక తప్పు మూడుసార్లు ఒకేలా చేసి చూపిస్తే తప్ప నోరు విప్పకూడదని మాకో నియమం. చూపించలేని తప్పు గురించి అరిచినవాళ్ళని మా దగ్గర ఏడాదిపాటు ఏడిపిస్తారు. నేనూ చాలామందిని ఏడిపించాను. అందుకని కళ్ళజోడు తగిలించుకుని మిల్లు ఆటలోకి వెళ్ళాను.

మొదటిసారి కావాలని ఆలస్యంగా అడుగేశాను. బండి మోత చెవులు పగలగొడుతూ మీదికి వచ్చి, జానెడు దూరంలో నా వెనక నుంచి పోయింది. రెండోసారి ఇంకా ఆలస్యంగా, ముసలమ్మలా నడిచాను. అదే జానెడు. మూడోసారి మధ్యలో ఒక అర సెకను తడబడ్డాను, అయినా తగల్లేదు. ఇంకా అనుమానం తీరక కొలిచాను. బండి వేగం, నా వేగం, దూరం అన్నీ రాసుకున్నాను. ఆ లెక్క ప్రకారం మూడుసార్లూ నేను బండి కింద ఉండాలి.

కళ్ళజోడు తీసేసరికి పదవుతోంది. బండి నడక రాసిన ఫైలు తెరిచాను. అడుగున ఎక్కడో నాలుగు వరసలు. వాటి పైన నా రాతలోనే ఒక చిన్న గమనిక, 'అర్వో గోల పడలేక' అని.

తొమ్మిదేళ్ళ కిందట ఒక గని ఆట చేశాం. అందులో బొగ్గుబండ్లు అటూ ఇటూ పోతుంటే సందు చూసుకుని దాటాలి. అర్వో దాటలేకపోయేవాడు. ప్రతిసారీ వేలికొసంత ఆలస్యం, ప్రతిసారీ దెబ్బ.

"ఇది మోసం తల్లీ," అనేవాడు. "నేను దాటేశాక తగిలింది. నీ బండికి కళ్ళు నెత్తికెక్కాయి."

"నీ కాలే వెనకబడింది అర్వో."

"నా కాలు సంగతి నాకు తెలుసు. నువ్వు బండి సంగతి చూడు."

నేను విసుక్కుంటుంటే డెస్మండ్ నన్ను పక్కకి పిలిచాడు. ఆడేవాడిది తప్పని ఎప్పుడూ చెప్పకు, వాడికి తెలియకుండా సాయం చెయ్యి, గెలుపు వాడిదే అనుకోనియ్యి అన్నాడు. అతను కనిపెట్టిందేమీ కాదు, ఆటలు రాసే ప్రతివాళ్ళూ చేసేదే. నాలుగు వరసలు రాశాను. మనిషి అడ్డంగా నడుస్తుంటే బండి తన వేగంలో మూడోవంతు తగ్గించుకుంటుంది. చక్రాలు మాత్రం అదే జోరుతో తిరుగుతాయి, మోత అలాగే ఉంటుంది, కాబట్టి తగ్గినట్టు కంటికి తెలియదు. దానికి 'దయ' అని పేరు పెట్టాను. మర్నాడు అర్వో వరసగా పదిహేడుసార్లు దాటాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాడు, మీసం దువ్వుకుంటూ. "చూశావా, తప్పు బండిదే."

నేనూ డెస్మండ్ వంటగదిలోకి పోయి నోళ్ళు మూసుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు మెల్లగా స్టూడియో అంతా పాకింది. 'అర్వోకి బండి తగలదు' అన్నది మా సామెత అయిపోయింది. అర్వో దాటలేడని కొత్తగా చేరినవాళ్ళ చేత అతనితో కాఫీ పందెం కట్టించేవాళ్ళం, వాళ్ళు ఓడిపోతే అందరం నవ్వేవాళ్ళం. అర్వో కూడా నవ్వేవాడు, గెలిచినవాడిలా. దయ గురించి అతనికి ఎవరమూ చెప్పలేదు.

డెస్మండ్ గది తలుపు తట్టకుండానే తోశాను.

"మిల్లుకి ఫోన్ చెయ్యి. బండి ఆపమను."

"ఏమైంది?"

"అందులో దయ ఉంది."

అతను కుర్చీలో వెనక్కి వాలినవాడు ముందుకి వచ్చాడు. "తీసేశావనుకున్నాను."

"అది ఆ ఫైల్లో ఉందన్న ధ్యాసే లేదు. పాత ఫైలు ఉన్నదున్నట్టు దింపేశాను."

"అంటే ఆ సున్నా..."

"ఆ సున్నా వాళ్ళది కాదు, నాది. వాళ్ళలో ఎంతమందికి దాటడం వచ్చో నాకు తెలియదు. ఒక్కడికి మాత్రం రాదని తెలుసు."

డెస్మండ్ మొహం తెల్లబడింది. భయపడ్డాడు, కానీ అతను ముందు దేనికి భయపడ్డాడో నాకు అర్థమైంది. "హెల్వీ, ఒక్క నిమిషం. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో, లాయర్‌ని ఒక మాట అడిగి..."

"నీ లాయర్ పట్టాలు దాటడు డెస్మండ్."

కోటు వేసుకుంటూనే నేను ఫోన్ చేశాను. మిల్లు ఆఫీసులో లిన్ అనే ఆవిడ ఎత్తింది.

"ఫెర్నాండ్ లోపలున్నాడమ్మా," అంది నిదానంగా. "పదకొండింటికి కాఫీకి బయటికొస్తాడు. ఏం చెప్పమంటావు?"

"ఇప్పుడే చెప్పాలి. బండి ఆపించాలి. ఎవరినీ పసుపు దారి దాటనివ్వకూడదు."

"ఎవరు మాట్లాడేది?"

"శిక్షణ ఆట చేసినదాన్ని. ఆటలో తప్పుంది."

"ఆటలోనా?" అని ఆగింది. "ఫోన్లో ఎవరు చెప్పినా బండి ఆపరమ్మా. పోయినేడు ఎవడో తాగి ఇలాగే ఫోన్ చేస్తే అరపూట పని పోయింది, నాకు చీవాట్లు పడ్డాయి. చీటీ రాసి పంపిస్తాలే."

"పరుగెత్తి ఇవ్వండి."

"మంచులో పరుగెత్తే వయసు కాదమ్మా నాది."

అర్వోకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పనిలోకి వెళ్ళేముందు అక్కడ ఫోన్లన్నీ లాకర్లలో పెట్టాలి.

మిల్లు నలభై నిమిషాల దారి. ఫిబ్రవరి. రోడ్డు మీద గట్టిపడ్డ మంచు, ముందర దుంగలు మోసే లారీ ఒకటి, దాన్ని దాటే వీల్లేదు. దాని వెనక పాకుతూ నేను మనసులో లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఒక్కో మనిషి గంటకి ఆరుసార్లయినా దాటుతాడు. ఏడింటి నుంచి అయితే అర్వో ఈపాటికి ఇరవైసార్లు దాటి ఉంటాడు. ఇరవైసార్లూ ఏమీ కాలేదంటే బండి దూరంగా ఉన్నప్పుడు దాటాడన్నమాట, అదృష్టం. మిల్లులో చేరిన ఈ మూడు వారాలూ కన్ను అతన్ని కాపాడింది. అందుకు అతను కన్నుని తిట్టేవాడు కూడా. "నేను దాటేసేవాణ్ణే తల్లీ, ఆ గుడ్డిది ఉత్తపుణ్యానికి బండిని ఆపేస్తోంది," అన్నాడు ఒకసారి ఫోన్లో. నేను నవ్వి, నీకు బండి తగలదులే అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మిల్లు గేటు దగ్గర కాపలావాడు పేరు రాయించుకుని హెల్మెట్టు, నారింజ రంగు చొక్కా ఇచ్చాడు. షెడ్డు వైపు గబగబా నడిచాను. రెండుసార్లు జారాను. లోపల తడికలప వాసన, రంపాల రొద. ఫెర్నాండ్ తలుపు దగ్గరే ఎదురుపడ్డాడు. పొట్టి మనిషి, మంచివాడు, చెయ్యి చాపాడు. జేబులోంచి లిన్ రాసిన చీటీ బయటికి కనిపిస్తోంది.

"ఆటలమ్మాయివి నువ్వేనా! చీటీ అందింది. ఆటలో ఏదో తప్పుందన్నావట. దానికింత దూరం రావాలా, కొత్త బ్యాచ్ వచ్చేనెల కదా, తీరిగ్గా చూసుకుందాం."

"బండి ఆపించండి."

"ఏ బండి?"

"మీ బండి. నిజం బండి." ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా చెప్పాను. "ఆటలో బండి మనిషిని చూసి నెమ్మదిస్తుంది. కనిపించకుండా. నేనే పెట్టాను. తియ్యడం మర్చిపోయాను. అందుకే ఎవరికీ తగల్లేదు."

అతను నా నోటి వంక చూస్తున్నాడు, రొదలో సగమే వినబడినట్టు. "నెమ్మదిస్తే మంచిదేగా?"

"మీ బండి నెమ్మదించదు కదా! మీవాళ్ళకి దాటడం రాదు. వచ్చనుకుంటున్నారు. మీరు కన్ను కూడా మూయించారు."

అది మాత్రం విన్నాడు. మొహంలో రంగు మారింది. మారుమాట లేకుండా నడుముకున్న వాకీటాకీ తీసి, బండిని ఆడించే గదిని పిలిచాడు. "బండి గది, బండి గది. బండి ఆపు."

అందులోంచి గరగరమని ఏదో చప్పుడొచ్చింది. "మళ్ళీ చెప్పు," అంది ఒక గొంతు.

నేను అప్పటికే పసుపు దారి ఇవతలి గట్టు దాకా వచ్చేశాను. అవతల, పట్టాల పక్కన, సన్నపు కర్రల కట్ట భుజాన వేసుకుని అర్వో నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. చెవులకి రొద వినబడకుండా తగిలించుకున్న పెద్ద పెద్ద దొప్పలు. మూడు వారాల తర్వాత తెలిసిన మొహం కనిపించిందని అతని మొహం విప్పారింది. కట్ట దించి చెయ్యి ఊపాడు.

కుడివైపు నుంచి బండి వస్తోంది. పలకలు ఇంటి ఎత్తున పేర్చి ఉన్నాయి.

నేను రెండు చేతులూ ఊపాను, ఆగమని. అర్వో అని అరిచాను. ఆ మోతలో, ఆ దొప్పలతో, చేతులూపుతూ నోరు తెరిచిన మనిషిని చూసి ఎవరైనా ఏమనుకుంటారు? రమ్మంటోందనుకున్నాడు.

బండి వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని చూశాను. ఒక ఓరచూపు, గడ్డం కొంచెం కిందికి, పెదవి చివర నవ్వు. ఎంత దగ్గరగా వస్తే అంత సంతోషం అతనికి. తరవాత అడుగేశాడు. పరుగెత్తలేదు. పరుగెత్తి ఉంటే దాటిపోయేవాడు. అర్వో ఎప్పుడూ పరుగెత్తడు, పరుగెత్తేవాళ్ళని ఎగతాళి చేస్తాడు. ఒకటి, రెండు, మూడు అడుగులు. మూడో అడుగుకి బండి తగ్గాలి. నాకు కూడా, అన్నీ తెలిసిన నాకు కూడా, ఇప్పుడు తగ్గుతుందని ఒళ్ళంతా అనిపించింది. తగ్గలేదు.

అర్వో తల తిప్పి బండిని చూశాడు. ఆ మొహంలో భయం లేదు. తెలిసినవాడు మాట తప్పితే చూసే చూపది. ముందుకి దూకాడు. ఎడమకాలు వెనక ఉండిపోయింది.

"ఆపు, ఆపు, ఆపు," అంటూనే ఉన్నాడు ఫెర్నాండ్. బండి ఇంకో పది గజాలు పోయి ఆగింది.

ఆసుపత్రిలో నన్ను నాలుగో రోజున చూడనిచ్చారు. డెస్మండ్ వద్దన్నాడు. లాయర్ కూడా వద్దన్నాడట, ఏం మాట్లాడినా తర్వాత మన మెడకే చుట్టుకుంటుందన్నాడట. నేను వెళ్ళాను. అర్వో మంచం తల వైపు ఎత్తి కూర్చోబెట్టారు. మోకాలి కింద దుప్పటి చదునుగా ఉంది. కిటికీలోంచి గడ్డకట్టిన సరస్సు కనిపిస్తోంది, దాన్నే చూస్తున్నాడు.

"వచ్చావా తల్లీ," అన్నాడు. మందుల వల్ల మాట సాగుతోంది. "నిన్ను చూసి వస్తుంటే అయింది, నువ్వు బాధపడుతుంటావని మా చెల్లెలితో అంటూనే ఉన్నాను. నీ తప్పేం లేదు. నువ్వు రమ్మన్నా, అనకపోయినా నేను ఎలాగూ దాటేవాణ్ణి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ బండిలో తప్పుంది," అన్నాడు. "రాసుకో. మూడో అడుగుకి అది తగ్గాలి. తగ్గలేదు. ఫెర్నాండ్‌కి చెప్తే నా మొహం చూసి ఊరుకున్నాడు. వాడికేం తెలుసు. నువ్వయితే చూసి పట్టుకుంటావు."

"కన్ను మళ్ళీ తెరిపించారు," అన్నాను, వేరే ఏదైనా మాట్లాడాలని. "మిగిలిన ముప్ఫై ఏడుగురినీ పిలిచి నేనే చెప్పాను. మీకు దాటడం రాదు, ఆట మిమ్మల్ని దాటించింది అని."

"ఏమన్నారు?"

"ఒక్కరూ నమ్మలేదు. అర్వో పెద్దాయన, కాలు తడబడింది, మాకేం అన్నారు. కన్నుండగా పని సాగట్లేదని పైవాళ్ళు కూడా గొణుగుతున్నారట."

అతను సరస్సు వైపు నుంచి నా వైపు తిరిగాడు. "ఆట దాటించడమేమిటి?"

ఇక చెప్పక తప్పదు. చెప్పాను. బండి తనంతట తాను ఎప్పుడూ తగ్గదని, తగ్గేది నేను రాసిన బండి ఒక్కటేనని. నాలుగు వరసల గురించి చెప్పాను. అర్వో వింటున్నంతసేపూ దుప్పటి అంచుని మడిచి విప్పి, మడిచి విప్పి చేశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"గని ఆట నుంచి."

"పదిహేడుసార్లు దాటాను చూడు, ఆ రోజు..."

"ఆ ముందురోజు సాయంత్రం రాశాను."

"అప్పటినుంచి అన్ని ఆటల్లోనూ?"

"అన్నిట్లోనూ."

"డెస్మండ్‌కి తెలుసా?"

"తెలుసు."

"ఇంకెవరికి తెలుసు?"

అబద్ధం చెప్పొచ్చు. ఇంకెవరికీ తెలియదు అంటే ఆ గదిలో నన్ను కాదనేవాళ్ళు లేరు. కానీ తొమ్మిదేళ్ళు అలాంటి దయ చూపించబట్టే ఇతను ఈ మంచం మీదున్నాడు.

"అందరికీ తెలుసు," అన్నాను.

అతనికి కాఫీ పందేలు గుర్తొస్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరెవరు పందెం కట్టారో, ఎవరెవరు నవ్వారో ఒక్కొక్కరినీ మళ్ళీ చూసుకుంటున్నాడు. నేను అతని చేతి మీద చెయ్యి వేశాను. తన చెయ్యి తీసేసుకున్నాడు.

"కాలు తీసేశామని డాక్టర్ చెప్పినప్పుడు నేను ఏడవలేదు తెలుసా," అన్నాడు. "ఇన్నేళ్ళు దాటినవాణ్ణి, ఒక్కసారి బండి మోసం చేసింది, అంతేలే అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోమంటావు?"

అర్వో గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నర్సు వచ్చి ఇక వెళ్ళమని చెప్పేదాకా నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. అతను ఇటు తిరగలేదు.